నాయినకు సమాధానం వచ్చేసరికి

ముందే ఒకటి ఒప్పుకుంటాను. చర్చిలో ఎవరైనా "ప్రార్థన చేస్తాం" అంటే నాకు ఆమేన్ అనాలనిపించదు. "ఔనా, కాదా, అది చెప్పండి ముందు" అని అడగాలనిపిస్తుంది. పెద్దవాళ్ళ ముందు నోరు మూసుకుని లోపల మాత్రం అడుగుతాను. అలాగని నేను విశ్వాసం లేనిదాన్నేం కాదు. ఆదివారం తప్పను, పాటలు పాడతాను, ప్రసంగం మధ్యలో కునుకు తీసినా కళ్ళు తెరిచే తీస్తాను. కాకపోతే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. మాకు స్విచ్ వేస్తే దీపం వెలగాలి, తీస్తే ఆరాలి. వెలగకుండా, ఆరకుండా మినుకుమినుకుమంటుంటే దాన్ని మేం ఓపిక అనం, లూజు కనెక్షన్ అంటాం.

ఈ జబ్బు నాకు మా అక్క పెళ్ళి దగ్గర పట్టుకుంది. పెళ్ళి అన్నానని పందిరి ఊహించుకోకండి. జరగని పెళ్ళి అది.

మాది కొత్తగూడ. మా నాయిన బాలనర్సయ్య తాపీ మేస్త్రి. మేం ఎప్పుడు క్రైస్తవులమయ్యామో మా ఇంట్లో పేర్లు చూస్తే చెప్పేయొచ్చు. అక్క పుట్టేనాటికి నాయిన ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు, కాబట్టి నీలమ్మ. నేను ఆ తర్వాత పుట్టాను, కాబట్టి ఎస్తేరు. అమ్మ పేరు పోచమ్మ. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆమెకు మరియమ్మ అని పేరు పెట్టారు గానీ ఆ పేరు చర్చి గడప దాటి బయటికి రాలేదు. బావి దగ్గర ఎవరైనా "మరియమ్మా" అని పిలిస్తే మా అమ్మ కూడా ఎవర్నో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేది.

చర్చి మదీనాగూడలో, బొంబాయి రోడ్డు పక్కన. దాని గోడలు కట్టింది నాయినే. ఆదివారం పొద్దున్నే కొండాపూర్ మీదుగా, జొన్నచేల మధ్య నుంచి, బండరాళ్ళ పక్క నుంచి నడిచి పోయేవాళ్ళం. చర్చిలో మాలాంటి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొందరు. రామచంద్రాపురం దగ్గర ఫ్యాక్టరీ వచ్చాక కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి దిగినవాళ్ళు కొందరు. అందరం ఒకే దేవుణ్ణి ఒకే పాటతో స్తుతించేవాళ్ళం గానీ వేగాలు వేరు. వాళ్ళు గబగబా పాడి ముగించేవారు. మేం సాగదీసేవాళ్ళం. వాళ్ళు కూర్చున్నాక కూడా మాకు ఒక చరణం మిగిలి ఉండేది.

ఆ రెండు వేగాలనీ కలపడానికి తంటాలు పడేవాడు దేవభూషణం. బాపట్ల దగ్గరి మనిషి, ఫ్యాక్టరీలో టర్నర్, చర్చిలో హార్మోనియం అతనిదే. మావైపు పాట ఎత్తుకునేది అక్క. అక్క ఒక మాటను పట్టుకుని ఎంతసేపు సాగదీస్తే అంతసేపు అతను ఆ మెట్టు మీద వేలు తియ్యకుండా గాలి కొడుతూ ఆగేవాడు. వాళ్ళవాళ్ళు వెనక నుంచి దగ్గేవారు. అతను వినిపించుకునేవాడు కాదు.

అక్క కొండాపూర్ బాలవాడిలో పంతులమ్మగా చేసేది. ఒకరోజు బియ్యం ఏరుతూ, నేను అడక్కుండానే, "ఆయన మంచిగున్నడే" అంది.

"ఎవరు?"

"హార్మోనియం."

"హార్మోనియాన్ని చేసుకుంటవా?"

"అడిగితే ఔనంట." బియ్యంలోంచి రాయి తీసి పారేసింది. "నన్నెవలడుగుతరు తియ్యి. నాయిననడుగుతరు."

అలాగే అడిగారు. డెబ్భై ఐదులో, ఈస్టర్ వెళ్ళిన కొన్నాళ్ళకు దేవభూషణం వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మణ్ణి గారని అందరూ పిలిచేవారు. తెల్లచీర, చేతిలో గొడుగు, ఎండకి కందిన మొహం. నాయిన మంచం వాల్చాడు. అమ్మ చాయ్ ఇచ్చింది. ఆవిడకి కాఫీ అలవాటు, అయినా ఏమీ అనకుండా తాగింది. అక్క లోపల తలుపు వెనక ఉంది. నేను తలుపుకి ఇవతల ఉన్నాను. తలుపు వెనక ఉండటం నాకు చేతకాదు.

"అన్నయ్యగారూ, మా అబ్బాయికి మీ నీలమ్మని అడుగుదామని వచ్చానండి. వాడు నోరు తెరిచి చెప్పలేదు గానీ ఆదివారం నాడు వాడి హార్మోనియం చెప్తోంది కదండీ, అందరికీ వినపడుతూనే ఉంది" అంది అమ్మణ్ణి గారు.

నాయిన మొహం విచ్చుకుంది. మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. సున్నం పట్టిన గోళ్ళు కనపడకుండా ఆ చెయ్యి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. సంతోషపడ్డాడని ప్రమాణం చేసి చెప్పగలను. అప్పుడు అన్నాడు:

"మంచి మాట చెప్పినవమ్మా. దీన్ని ప్రార్థనల పెడ్తం."

అమ్మణ్ణి గారి చేతిలో చాయ్ గ్లాసు సగం దారిలో ఆగిపోయింది. ఒక క్షణం నాయిన మొహంలోకి చూసింది. తర్వాత గ్లాసు కింద పెట్టి గొడుగు అందుకుంది.

"అలాగేనండి. అర్థమైందండి" అంది.

ఆమె వెళ్ళాక నాయిన ఒకటే మెచ్చుకోలు. "చూసినవా, ఎంత మంచి మనిషి. ఒక్క మాటకు అర్థం జేసుకున్నది."

అర్థం చేసుకున్నదేమిటో నాకు సోమవారం నాడు తెలిసింది. పాలిటెక్నిక్ ల్యాబులో నా బెంచీ మీద సుబ్బలక్ష్మి అనే ఏలూరు పిల్ల ఉండేది. హిందువులు. ఇద్దరం బోర్డు మీద టంకం పెడుతూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం. అక్కకి సంబంధం వచ్చిందని గొప్పగా చెప్పాను.

"అయితే మీ నాన్నగారు ఒప్పుకోలేదన్నమాట" అంది.

"ఒప్పుకోకపోవుడేంది? ప్రార్థన చేస్తనన్నడు."

"అదేనే బాబూ. మా వీధిలో మీవాళ్ళు ఉన్నారుగా, చిన్నప్పట్నించీ చూస్తున్నాను. సంబంధం నచ్చకపోతే మొహమ్మీద కాదనరు. ప్రార్థనలో పెట్టాం అంటారు. అవతలివాళ్ళు 'అలాగేనండి' అని లేచి వెళ్ళిపోతారు. మావాళ్ళు జాతకాలు కుదర్లేదు అంటారు చూడూ, సరిగ్గా అదే."

వేడి టంకం నా వేలికి అంటుకుంది. ఆ మచ్చ ఇంకా ఉంది.

ఆ సాయంత్రం నాయిన కాళ్ళు కడుక్కునేదాకా కూడా ఆగలేదు.

"నాయినా, వాళ్ళ దిక్కు ఆ మాటకు వద్దు అని అర్థమట."

"ఏ మాటకు?"

"ప్రార్థనల పెడ్తం అంటే."

"ఎవలు జెప్పిన్రు?"

"సుబ్బలక్ష్మి."

"ఆ పిల్ల మనోళ్ళేనా?"

"కాదు."

"మరి ప్రార్థన సంగతి ఆమెకేం ఎరుక?" చెంబు కింద పెట్టాడు. "నువ్వు చెప్పుడు ఎట్లున్నదంటే, గుంటూరోళ్ళ ప్రార్థనకు ఒక అర్థం, కొత్తగూడోళ్ళ ప్రార్థనకు ఒక అర్థం. దేవునికి రెండు చెవులున్నయని రెండు భాషలైతయా?"

"దేవునికి కాదు, అమ్మణ్ణి గారికి."

"ఆమె అర్థమైందన్నది. నువ్వింటివి గద."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది: "పోయి ఒక్క మాట చెప్పి రారాదయ్యా. మాకిష్టమే, జర టైమియ్యండి అని."

"ఇష్టమే అని నేనెట్ల చెప్త? నాకింకా సమాధానం రాలే."

ఈ ముక్క చర్చికి పోనివాళ్ళకు విడమరచి చెప్పాలి. మాలో సమాధానం అంటే మనశ్శాంతి. ఒక పని దేవుడికి ఇష్టమైతే మనసులో నెమ్మది కలుగుతుంది, దాన్నే సమాధానం వచ్చింది అంటాం. అమ్మకి బడి భాష రాకపోయినా ఆ మాటని ఎక్కడ పట్టుకోవాలో తెలుసు.

"నీకు సమాధానం వచ్చేదెన్నడు, వాళ్ళకు సమాధానం చెప్పేదెన్నడు?" అంది.

నాయిన చాప వేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నాయిన మొండివాడు అనుకుంటారేమో. అంత తేలిక్కాదు. ఆయన పెద్దయ్యాక, వేలు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నవాడు. అలా చదివినవాడికి ప్రతి మాటా బరువే. కూతుళ్ళ గురించి బైబిల్లో అపొస్తలుడు రాసిన మాట ఆయన గుండెలో దిగిపోయింది. కూతురికి పెళ్ళి చేసే తండ్రి మంచిపని చేస్తున్నాడు, చేయని తండ్రి ఇంకా మంచిపని చేస్తున్నాడు. ఈ రెండో ముక్క దగ్గర ఆయన ఇరుక్కుపోయాడు. ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే ఇంకా మంచిదట. మరి తనకి ఏది రాసిపెట్టి ఉంది? గోడ కట్టేముందు నేల తవ్వి చూసే మనిషి, తవ్వుతూనే ఉండిపోయాడు. దానికి తోడు ఊళ్ళోవాళ్ళు. "ఏంది నర్సన్నా, బిడ్డను ఆంధ్రోళ్ళకిస్తవట?" అని కల్లు దుకాణం ముందు ఒకడు, "ఇయ్యకు, మన మాటకే నవ్వుతరు వాళ్ళు" అని ఇంకొకడు. వేరు రాష్ట్రం కావాలని అక్కడా ఇక్కడా ఉద్యమాలు జరిగి మనుషుల మధ్య గీతలు ఇంకా చెరగని రోజులు. నాయిన శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టాడు.

ఇంట్లో ఒక్కరిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె పొద్దున లేచి, జడ వేసుకుని, బాలవాడికి పోయి, పిల్లల ముక్కులు తుడిచి వచ్చేది.

నేనే ఒక ఆదివారం చర్చి గేటు దగ్గర దేవభూషణాన్ని పట్టుకున్నాను.

"మా నాయిన కాదనలేదు. ఆయన నిజంగనే ప్రార్థన చేస్తున్నడు" అన్నాను.

అతను సైకిల్ హ్యాండిల్ వైపు చూస్తూ, "మీరు చెల్లెలు కాబట్టి అలా అంటారు. పెద్దాయన అన్నమాట మా అమ్మ స్వయంగా విన్నదండి. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కమని ఆవిడతో ఎలా చెప్పమంటారు?" అన్నాడు.

"మీరు రండి."

"కాదన్న ఇంటికి కుర్రాడు తనంతట తను వస్తే దాన్ని ఏమంటారో మీకు తెలీదా అండీ?" సైకిల్ స్టాండు తీశాడు. "నీలమ్మగారు ఒక్కమాట అంటే అది వేరు. ఆవిడకి ఇష్టమని ఆవిడ నోటితో వింటే ఎన్నాళ్ళైనా ఆగుతాను."

దారిలో అక్కకి చెప్పాను. కొండాపూర్ బండల దగ్గర ఆగి చెప్పులో ముల్లు తీసుకుంటూ వింది.

"నేనెట్ల చెప్తనే? నాయిన ఇంకా దేవునితోని మాట్లాడుతున్నడు. నడిమిట్ల నేను పోయి 'నాకిష్టమే' అంటే, ఇగ ఆయన ప్రార్థన ఎందుకు?"

"నీ పెళ్ళి గదా అక్కా."

"నన్ను అడగమను, చెప్త. ఆయన్నడగమను, నాయిన్నడగమను, దేవున్నే అడగమను. అడగకుండ నోరు తెరిస్తే ఎగబడ్డది అంటరు."

కోపంగా ఏం అనలేదు. ముల్లు తీసి చూసి పారేసింది, అంతే. ఆ ఇద్దరినీ చెరో చెయ్యి పట్టుకుని ఒకచోట నిలబెట్టి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఎదురుగా నిలబడి కూడా ఇద్దరూ ఎదుటివాళ్ళు అడగాలనే చూసేవారు.

ఎండాకాలం వెళ్ళింది. వానలు వచ్చాయి. చర్చిలో హార్మోనియం ఇప్పుడు అక్క కోసం ఆగేది కాదు. వాళ్ళవాళ్ళ వేగంతో ముగిసిపోయేది. అక్క గొంతు ఒక్కటే ఆ చివరి చరణంలో కాసేపు మిగిలేది. మూడో ఆదివారం నుంచి ఆమె కూడా తొందరగా పాడటం నేర్చుకుంది.

ఒక శనివారం నాయిన పని నుంచి వచ్చి, తాపీ కడిగి గోడకి ఆనించి, అమ్మని పిలిచాడు. ఆయన మొహం చూస్తే నాకే ఒళ్ళు తేలికైంది.

"వచ్చిందే. సమాధానం వచ్చింది. మధ్యాహ్నం గోడ మీద కూసొని సద్ది తింటున్న. ఏమైందో ఏమో, మనసుల బరువంత పోయింది. ఇచ్చుడే. ఆ పిలగానికి ఇచ్చుడే."

"నీ పుణ్యం" అంది అమ్మ, క్రైస్తవురాలు అనవలసిన మాట కాకపోయినా.

అక్క లోపల దీపం తుడుస్తోంది. తుడిచిన గాజునే మళ్ళీ తుడిచింది.

మర్నాడు నాయిన ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు, అమ్మ చేతినిండా పూలు కోసుకుంది. ఆరాధన అయ్యాక అమ్మణ్ణి గారితో మాట్లాడాలని, దారి పొడుగునా ఏమనాలో తనలో తను అనుకుంటూ నడిచాడు. చర్చిలో అందరికన్నా ముందు వరసలో కూర్చున్నాడు. పాటలయ్యాయి, ప్రసంగం అయింది. అయ్యగారు ప్రకటనలు అందుకున్నారు.

మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో వధూవరుల పేర్లు చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని.

"మన సంఘస్తుడు దేవభూషణమునకును, భట్టిప్రోలు కాపురస్తురాలు కుమారి సుశీలావతికిని వివాహము జరుపుటకు నిశ్చయమైనది. ఇది మొదటి ప్రకటన. అభ్యంతరము కలవారు తెలుపవచ్చును."

నాయిన లేచాడు. పూర్తిగా కాదు, సగం. ముందున్న బల్ల పట్టుకుని సగం లేచి అలాగే ఉండిపోయాడు. చర్చి అంతా అటు తిరిగింది.

"బాలనర్సయ్యా, ఏమన్నా చెప్పేదుందా?" అడిగారు అయ్యగారు.

హార్మోనియం వెనక దేవభూషణం తల పైకెత్తాడు. ఆ చూపు నేను చూశాను. చెప్పమన్నట్టే ఉంది.

"ఏం లేదయ్యగారూ" అన్నాడు నాయిన. "కాళ్ళు పట్టుకున్నయ్." మళ్ళీ కూర్చున్నాడు.

బయట అమ్మణ్ణి గారే మా దగ్గరికి వచ్చింది. పాపం, మనసులో ఏమీ పెట్టుకోకూడదనే వచ్చింది.

"మీరు కాదన్నారని మేమేం బాధపడలేదండి అన్నయ్యగారూ. ఎవరికెవరో పైవాడు రాసి పెడతాడు."

"నేను కాదన్ననా అమ్మా?"

"ప్రార్థనలో పెడతామన్నారు కదండీ."

"అవును. పెట్టిన. నిన్ననే..."

ఆవిడ నాయిన తెల్లచొక్కా చూసింది, అమ్మ చేతిలో ఉన్న పూలు చూసింది, చేత్తో నోరు మూసుకుంది. "అయ్యో. అయ్యో అన్నయ్యగారూ. నిజంగా ప్రార్థన చేశారా?"

నవ్వొస్తోందా? నాకూ వస్తుంది, అప్పుడప్పుడు. నవ్వాక కాసేపు ఏమీ తోచదు.

భట్టిప్రోలు పిల్లకి మాటిచ్చేశారు. ఆ పిల్ల చేసిన పాపమేముంది? అందుకని ఎవరూ ఇంకేం మాట్లాడలేదు. అక్క ముందుకు వచ్చి, "వందనాలండి" అని అమ్మణ్ణి గారికి చేతులు జోడించింది. "అమ్మాయికి పాటలొచ్చా?" అని అడిగింది. "అంతగా రావమ్మా" అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో ఆ మాట ఎవరూ పలకలేదు. మొదట పలికింది నేనే. బావి నుంచి నీళ్ళు తెమ్మని అమ్మ అరుస్తుంటే విసుగొచ్చి "ప్రార్థనల పెట్టిన" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అక్క నావైపు చూసి ఫక్కున నవ్వింది. నవ్వీ నవ్వీ గోడకి తల ఆనించుకుని, ఎంతకీ తియ్యలేదు. నేనే పోయి నీళ్ళు తెచ్చాను.

దేవభూషణం పెళ్ళయి, బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. అక్కకి తర్వాత రెండు మూడు సంబంధాలు వచ్చాయి. నాయిన వాటి ముందు కూడా అలాగే కూర్చుండిపోయేవాడు. ఈసారి భయంతో. ఎవరైనా "పెద్దపిల్ల పెండ్లెప్పుడు?" అంటే, "చేయని తండ్రి ఇంకా మంచిగ చేస్తున్నడని ఉన్నది గదా" అనేవాడు. అన్నప్పుడల్లా నేల వైపు చూసేవాడు. అక్క మాత్రం సైకిల్ నేర్చుకుంది. ట్రైనింగుకి పోయి వచ్చింది. బాలవాడి పెద్దదైంది. కొండాపూర్‌లో ఏ ఇంటి ముందు నుంచి పోయినా ఒక పోరడు "టీచరమ్మా" అని పరుగెత్తుకొచ్చేవాడు. ఆమె సుఖంగా ఉందో లేదో నాకు తెలియదు. అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, నాతో సహా.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. నిరుడు చర్చిలో కుటుంబ ఆదివారం పెట్టారు. తండ్రుల బాధ్యత గురించి సంఘపెద్దగా నాలుగు మాటలు చెప్పమని అయ్యగారు నాయినని లేపారు. నాయిన ముందుకు పోయి నిలబడ్డాడు. పుస్తకం తెరిచాడు, వేలు పెట్టుకున్నాడు, తర్వాత మూసేశాడు.

"నాకు వాక్యం చెప్పరాదు. గోడ కట్టొస్తది" అన్నాడు. కొందరు నవ్వారు. "బిడ్డకు పెండ్లి చేసినోడు మంచిగ చేసిండన్నడు అపొస్తలుడు. చేయనోడు ఇంకా మంచిగ చేసిండన్నడు. ఇన్నొద్దులు నేను ఆ రెండోదాంట్ల ఉన్న అనుకున్న. అందరికీ అదే చెప్పుకుంట తిరిగిన. మొన్న మళ్ళ సదివిన. ఆ రెండోది గట్టి మనసు జేసుకున్నోని సంగతి. నేను మనసు గట్టి చేసుకోలే. ఇస్తననుకోలే, ఇయ్యననుకోలే. ఎటూ తేల్చనోని గురించి ఆడ ఒక్క ముక్క లేదు. నేను అందుల ఏడ లేను." పుస్తకం బల్ల మీద పెట్టాడు. "నా నీలమ్మ బతుకు నాతోనే ఆగిపోయింది. నన్ను క్షమించమని మీ అందరి ముంగట అడుగుతున్న. తండ్రులారా, ఏదో ఒకటి తేల్చుండ్రి."

చర్చిలో చాలామంది ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆయన ఎప్పుడూ అంత సూటిగా మాట్లాడగా నేను వినలేదు.

బయటికి రాగానే ఆడవాళ్ళందరూ అక్క చుట్టూ మూగారు. ఒకావిడ గడ్డం పట్టుకుంది. ఇంకొకావిడ "ఎంత పని జరిగింది తల్లీ, బంగారం లాంటి పిల్లవి" అని వీపు నిమిరింది. అక్క అందరికీ వందనాలు చెప్పి, మాకన్నా ముందు సైకిలెక్కి వెళ్ళిపోయింది.

ఇల్లు చేరేసరికి గడపలో కూర్చుని ఉంది. నాయిన చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

"నా బతుకు ఆగిందని ఎవలు జెప్పిన్రు నీకు?"

నాయిన బిత్తరపోయాడు. "బిడ్డా, నా తప్పు నేను ఒప్పుకున్న..."

"ఒప్పుకో. నీ తప్పు నువ్వు మంచిగ ఒప్పుకో. నడుమ నా పేరెందుకు తీసినవ్? రేపు బాలవాడికి పోతే పోరగాండ్ల తల్లులంత నన్ను జూసి 'పాపం' అంటరు. నిన్నటిదాంక టీచరమ్మను. ఇయ్యాల సంది ఆగిపోయినదాన్ని. నన్నడిగినవా, నీ సంగతి చర్చిల చెప్పాల్నా అని?"

"ఏందే, పెద్దమనిషి ఏడ్సుకుంట వచ్చిండు, జర..." అంది అమ్మ.

"నువ్వాగమ్మా. అప్పుడు దేవుణ్ణి అడిగిండు. ఇయ్యాల సంఘానికి చెప్పిండు. నడుమ నేనున్న గద నాయినా. ఈ ఇంట్లనే ఉన్న. రోజు నీకు అన్నం పెట్టుకుంట."

నాయిన అరుగు మీద కూర్చున్నాడు. ఆయన ముసలివాడైపోయాడని నాకు అప్పుడు తెలిసింది. చాలాసేపు చేతులు చూసుకున్నాడు.

"ఇప్పుడడగొచ్చునా?" అన్నాడు.

"అడుగు."

"ఏమని అడగాలె?"

"అది గూడ నేనే చెప్పాల్నా!" అంది అక్క. గొంతులో కోపం కొంచెం జారింది.

నాయిన ఆలోచించాడు. "పెండ్లి చేసుకోవాల్నని ఉన్నదా బిడ్డా నీకు?"

"ఎవల్ని?"

"ఎవల్ని అని కాదు. ఎవలూ లేరు. ఊకెనే అడుగుతున్న."

అక్క గడప మీద వేలితో గీతలు గీసింది. మేం ముగ్గురం ఆమెనే చూస్తున్నాం. మా ఇంట్లో ఒక మనిషి జవాబు కోసం అందరం అలా ఎదురుచూడటం అదే మొదటిసారి.

"అప్పుడుండె. ఆయన్ని చేసుకోవాల్నని శానా ఉండె" అంది చివరికి. "ఇప్పుడు ఎరుకలేదు నాయినా. ఒక్కదాన్నే ఉంటే మంచిగనే అనిపిస్తది కొన్నొద్దులు. కొన్నొద్దులు అనిపియ్యదు. జర ఆలోచించి చెప్త."

"ఎన్ని దినాలైనా ఆలోచన చెయ్యి" అన్నాడు నాయిన.

ఇప్పటికి ఏడాది అవుతోంది. అక్క ఇంకా ఏమీ చెప్పలేదు. నాయిన మళ్ళీ అడగలేదు. అడిగితే తొందరపెట్టినట్టు అవుతుందని భయం. ఎవరైనా సంబంధం తెస్తే "మా బిడ్డనడుగుండ్రి, లోపలున్నది" అంటాడు. వచ్చినవాళ్ళు ఇదేం ఇల్లు అన్నట్టు చూసి, సగంమంది అక్కడి నుంచే వెళ్ళిపోతారు. ఆ మిగతా సగంమందికి అక్కే చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంది. ఒకాయన్ని మాత్రం మళ్ళీ రమ్మంది. ఆయన వచ్చాడు. కబుర్లు చెప్పుకున్నారు. తర్వాత ఏమైందని అడిగితే, "ఏమో, మంచి మనిషే" అంటుంది. కొన్ని ఆదివారాలు పాటలో చివరి మాటని మునుపటిలా సాగదీయబోతుంది. సగంలో ఊపిరి వదిలేస్తుంది.

మొన్న నాయిన నావైపు తిరిగి, "నీ సంగతేంది ఎస్తేరూ?" అన్నాడు. అన్ని ప్రశ్నలకీ టకటకా జవాబు చెప్పేదాన్ని, నా నోట మాట రాలేదు. ఔను, కాదు అంటూ అందరి మీదా విరుచుకుపడేదాన్ని గదా. అడిగించుకోవడం ఇంత కష్టమని నాకెవరూ చెప్పలేదు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీ పెళ్ళి గురించి గానీ, పెళ్ళి వద్దనుకోవడం గురించి గానీ, మీ ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని అడిగారా? ఎవరడిగారు, ఏ మాటతో అడిగారు, మీరేమన్నారు? అడగకపోతే, ఎవరు అడుగుతారని ఎదురుచూశారు? క్రైస్తవులే అక్కర్లేదు, ఏ ఇంటి సంగతైనా సరే. రాయండి. అక్క సాయంత్రాలు గడప మీద కూర్చుంటుంది. నేను చదివి వినిపిస్తాను.